శాన్ సిరో అమ్మకం: అద్దెకున్నవాళ్ళకే ఇల్లు రాసిచ్చేయడం సరైనదేనా?

రెండో_అంతస్తు

దీని గురించి అక్కడో మాట ఇక్కడో మాట అనుకుంటున్నాం. అంతా ఒకచోట తేల్చుకుందామని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తా. మిలాన్‌లోని శాన్ సిరో స్టేడియం (కాగితాల మీద పేరు జుసెప్పె మెయాజ్జా) 1935 నుంచి మొన్నటిదాకా నగరపాలక సంస్థ సొత్తు. ఏసీ మిలాన్, ఇంటర్ అనే రెండు ఫుట్‌బాల్ క్లబ్బులూ అందులో అద్దెకే ఆడుతూ వచ్చాయి. 2025 సెప్టెంబర్ 29న కూర్చున్న కౌన్సిల్, అర్ధరాత్రి దాటాక 24–20 ఓట్లతో అమ్మకానికి ఒప్పుకుంది. నవంబర్ 5న సంతకాలు అయిపోయాయి. చుట్టూ ఉన్న స్థలంతో కలిపి ధర సుమారు 19.7 కోట్ల యూరోలు. కొన్నది బయటివాళ్ళు కాదు, అద్దెకున్న ఆ రెండు క్లబ్బులే. పక్కనే 71,500 సీట్లతో కొత్తది కట్టి, పాతదాన్ని చాలావరకు పడగొడతారు.

నేను చదువు కోసం రెండేళ్ళు మిలాన్‌లో ఉన్నాను. నా బడ్జెట్‌కి దొరికేది మూడో అంతస్తు టికెట్టే. అక్కడి నుంచి ఆటగాళ్ళు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు, కానీ ఆట మొత్తం మ్యాప్ పరిచినట్టు తెలుస్తుంది. మ్యాచ్ అయ్యాక బయట నిలబడి చూడాలి అసలు. గోడల చుట్టూ ఉన్న ఏటవాలు ర్యాంపుల మీద జనం దిగుతూ ఉంటే, జనం కాదు, స్టేడియమే మెల్లగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ట్రామ్ వదిలేసి మరీ నిలబడిపోయాను.

సెంటిమెంట్ అంటారని తెలుసు కాబట్టి అసలు పాయింట్‌కి వస్తా. "ఏళ్ళ తరబడి ఉన్న అద్దెదారులకే కదా అమ్మారు" అని అందరూ అంటున్నారు. ఏ అద్దెదారులు? బోర్డు మీద పేర్లు మారలేదు గానీ లోపలి మనుషులు మారుతూనే ఉన్నారు. ఇంటర్ 2013లో మొరాత్తి చేతిలోంచి థోహిర్‌కి, 2016లో సునింగ్‌కి, 2024లో అప్పు తీర్చలేదని ఓక్‌ట్రీ అనే పెట్టుబడి ఫండ్‌కి వెళ్ళింది. మిలాన్ 2017లో బెర్లుస్కోనీ నుంచి లీ యోంగ్‌హోంగ్‌కి, ఏడాది మీద ఇంకో పావు గడిచేసరికి అప్పు కింద ఎలియట్ ఫండ్‌కి, 2022లో రెడ్‌బర్డ్ ఫండ్‌కి. పన్నెండేళ్ళలో రెండు క్లబ్బులకి కలిపి ఎనిమిది మంది యజమానులు. ఇంతకాలం మారకుండా ఉన్నది ఒక్క ఇంటి ఓనర్, అంటే నగరం. ఇప్పుడు ఆ ఓనరే తప్పుకున్నాడు. రేపు ఈ ఫండ్లు క్లబ్బులు అమ్ముకుని పోతే స్టేడియం కూడా మూటలో కట్టేసినట్టే కదా?

లెక్కల_పిచ్చి

మీరు రాసింది బాగుంది. కానీ ఓనర్ ఎన్నాళ్ళున్నాడన్నది ఒక్కటే చూస్తే ఎలా, ఓనర్ ఏం చేశాడో కూడా చూడాలి కదండీ.

రెండు క్లబ్బులూ కలిసి నగరానికి ఇస్తూ వచ్చింది ఏటా సుమారు కోటి యూరోలు. అందులోనూ కొంత డబ్బుగా, కొంత స్టేడియంలో చేయించే పనులుగా. దాదాపు వందేళ్ళ కట్టడం, మూడు కాలాల్లో మూడు అంతస్తులు అతికించింది. దాన్ని ఈనాటి యూరోపియన్ ప్రమాణాలకి తేవాలంటే ఎన్ని ఏళ్ళ అద్దె ఖర్చు పెట్టాలి? 2027 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ముందు శాన్ సిరోకే ఇచ్చారు. ఆ సమయానికి స్టేడియం ఏ స్థితిలో ఉంటుందో నగరం హామీ ఇవ్వలేకపోయింది. 2024 సెప్టెంబర్‌లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ వెనక్కి తీసుకుని తర్వాత మాడ్రిడ్‌కి ఇచ్చింది. అద్దెదారులు బాగుచేయరు, ఎందుకంటే ఇల్లు వాళ్ళది కాదు. ఓనర్ బాగుచేయడు, ఎందుకంటే డబ్బుల్లేవు. ఇలాంటి ఇంట్లో పై కప్పు కారుతుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే.

ఇంకోటి మర్చిపోతున్నారు. 2023లో మిలాన్ క్లబ్ శాన్ దొనాతోలో, ఇంటర్ రొజ్జానోలో స్థలాలు చూసుకున్నాయి. రెండూ నగరం హద్దు అవతలే. నిజంగా వెళ్ళిపోయి ఉంటే? 75 వేల సీట్ల కాంక్రీటు గుట్ట, దానికి కరెంటు బిల్లు, కాపలా, ఏడాదికి పది కచేరీలు. టురిన్‌లో దెల్లె ఆల్పి ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి. 1990 ప్రపంచ కప్ కోసం నగరం కట్టింది, చుట్టూ పరుగు ట్రాక్, ప్రేక్షకులు ఎక్కడో దూరంగా. 2001–02 సీజన్‌లో యువెంటస్, సంప్‌డోరియా కప్ మ్యాచ్‌కి వచ్చింది 237 మంది. దాదాపు 70 వేల మంది పట్టే చోట!

రెండో_అంతస్తు

టురిన్ ఉదాహరణ మీరే ఇచ్చారు కాబట్టి దాన్నే పట్టుకుంటా. అక్కడ యువెంటస్‌కి నగరం ఇచ్చింది నేల మీద 99 ఏళ్ళ హక్కు. పాత స్టేడియం కొట్టేసి 2011లో సుమారు 41 వేల సీట్లతో సొంత స్టేడియం తెరిచారు, బాగానే నడుస్తోంది. కానీ నేల నగరం దగ్గరే ఉంది. ఆ పద్ధతి మిలాన్‌లో ఎందుకు పనికిరాలేదు? నేను కట్టొద్దు అనడం లేదు, పూర్తిగా అమ్మొద్దు అంటున్నాను.

నెరజ్జూరి_నాని

ఇంటర్ అభిమానిగా మధ్యలో దూరుతున్నా. (పేరు చూసి తెలియనివాళ్ళకి: నెరజ్జూరి అంటే నలుపు, నీలం వాళ్ళు.)

అందరూ "రెండు క్లబ్బుల ఇల్లు" అంటుంటే నాకు నవ్వొస్తుంది. అసలు ఈ ఇల్లు కట్టించింది మిలాన్ క్లబ్ అధ్యక్షుడు పియెరో పిరెల్లి, టైర్ల కంపెనీ కుటుంబం. 1926 సెప్టెంబర్ 19న గృహప్రవేశం మ్యాచ్, మిలాన్ మీద మేం 6–3తో గెలిచాం. కట్టింది వాళ్ళు, పాలు పొంగించింది మేము. తొమ్మిదేళ్ళకి నగరానికి అమ్ముకుని, సొంతింట్లో అద్దెకు దిగారు. 1947 వరకూ మేం అరేనా చివికాలో ఉండేవాళ్ళం, నెపోలియన్ కాలం నాటి మైదానం. ఆ తర్వాత వచ్చి పక్క పోర్షన్లో చేరాం. చివరికి ఇంటికి పెట్టిన పేరు కూడా మా ఆటగాడు మెయాజ్జాదే 😄

రొస్సొనేరి_రమ

నానీ, మిలాన్ అభిమానిగా చెప్తున్నా, మెయాజ్జా మా మిలాన్‌కి కూడా ఆడాడు, ఆ సంగతి ఎప్పుడూ మింగేస్తావు. ఇక ఇంట్లో ఎవరు పెద్దో తేలిన రోజు చెప్పనా? 2003 మే 13. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. మొదటి మ్యాచ్ 0–0, అది కాగితం మీద మా సొంతగడ్డ. రెండోది 1–1, అది కాగితం మీద మీ సొంతగడ్డ. అదే గడ్డి, అవే గోల్‌పోస్టులు, అదే కప్పు. మొత్తం స్కోరు సమమైతే పరాయి గడ్డ మీద కొట్టిన గోల్‌కే విలువ ఎక్కువ అప్పట్లో. మా షెవ్‌చెంకో కొట్టింది "పరాయి గడ్డ మీద గోల్" లెక్కలోకి వచ్చి మేం ఫైనల్‌కి పోయాం, కప్పు కూడా తెచ్చుకున్నాం. సొంతింట్లోనే అతిథిగా ఆడి గెలిచిన వాళ్ళెవరైనా ఉన్నారా?

సరే, జోక్ పక్కన పెడితే నాది రెండో_అంతస్తు గారి వైపే, కానీ కారణం వేరు. రెండు క్లబ్బులు డెబ్భై ఏళ్ళకి పైగా కొట్టుకోకుండా ఒకే చోట ఎందుకున్నాయి? స్టేడియం ఇద్దరిదీ కాదు కాబట్టి. మాకు తారీఖులు కుదరకపోయినా, గడ్డి పాడైనా, పోయి అడగడానికి మూడో మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఇద్దరూ సగం సగం ఓనర్లు. ఒక ఫండ్‌కి డబ్బులు కావాల్సి వచ్చి తన సగం అమ్ముతానంటే రెండోవాడు ఏం చేస్తాడు?

మ్యూనిక్_మూర్తి

రమ గారు అడిగింది మా ఊళ్ళో నిజంగానే జరిగింది కాబట్టి రాస్తున్నా. ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నా, ఈ కథ ప్రతి ట్యాక్సీ డ్రైవర్ చెబుతాడు.

మ్యూనిక్‌లో గ్రూన్‌వాల్డర్ అని ఒక పాత స్టేడియం ఉంది. 1911 నాటిది, 1937 నుంచి నగరానిది. బయర్న్, 1860 మ్యూనిక్ (1860 అన్నది క్లబ్ పేరే) రెండూ ఒకప్పుడు అక్కడే ఆడేవి. 1972 ఒలింపిక్స్ స్టేడియం వచ్చాక పెద్ద మ్యాచ్‌లు అక్కడికి మారాయి. తర్వాత రెండు క్లబ్బులూ కలిసి సగం సగం వాటాతో అలియాంజ్ అరేనా కట్టాయి, 2005లో తెరిచారు. ఏడాది తిరిగేసరికి 1860 దగ్గర డబ్బులు అయిపోయాయి. తన సగాన్ని 2006లో సుమారు 1.1 కోట్ల యూరోలకి బయర్న్‌కి ఇచ్చేసి, సొంతం అనుకున్న స్టేడియంలోనే అద్దెకు దిగింది. 2017లో రెండో డివిజన్ నుంచి కింద పడింది, లైసెన్సుకి డబ్బు కట్టలేక ఏకంగా నాలుగో డివిజన్‌కి. అప్పుడు ఎక్కడికి పోయింది? గ్రూన్‌వాల్డర్‌కి. నగరం దాన్ని ఉంచింది కాబట్టి.

ఇప్పుడక్కడ 15 వేల మంది పడతారు. 1860 ఆడుతుంది, బయర్న్ రెండో జట్టు ఆడుతుంది. తుర్క్‌గుచు మ్యూనిక్ అని వలస కార్మికుల కుటుంబాల నుంచి ఎదిగిన క్లబ్ మూడో డివిజన్‌కి వచ్చినప్పుడు అదీ అక్కడే ఆడింది, 2022లో దివాలా తీసి సీజన్ మధ్యలో పోయింది. చూడటానికి అందంగా ఏమీ ఉండదు. నిలబడే గ్యాలరీ, వెనకాల అపార్ట్‌మెంట్ బాల్కనీలు. కానీ ఎవరు పైకి పోయినా కింద పడినా తలుపు తెరిచి ఉంటుంది.

లెక్కల_పిచ్చి

మూర్తి గారూ, మీ ఉదాహరణ బాగుంది, కానీ అది 15 వేల మంది పట్టేది. అంత చిన్నది పోషించుకోవడం ఏ నగరానికైనా సాధ్యమే. శాన్ సిరో అందుకు ఐదు రెట్లు.

పెద్దది ప్రభుత్వం దగ్గరే పెట్టుకుంటే ఏమవుతుందో లండన్‌లో చూడండి. ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం, ప్రజల డబ్బు. 2016లో వెస్ట్ హామ్ వచ్చింది, 99 ఏళ్ళ లీజు, మొదట అనుకున్న అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు. కింది డివిజన్‌కి పడితే అందులో సగమే. మ్యాచ్ రోజు సెక్యూరిటీ ఓనర్ ఖర్చు, సీట్లు ముందుకీ వెనక్కీ జరపడం ఓనర్ ఖర్చు. అద్దెకంటే నిర్వహణకే ఎక్కువ పోతోంది. ఇల్లు అద్దెకిచ్చి, అద్దెదారుకి వంట కూడా చేసిపెట్టినట్టుంది.

ఫ్లోరెన్స్ ఇంకో రకం. ఆర్తెమియో ఫ్రాంకి స్టేడియం నగరానిది, ఇంజనీర్ నెర్వి డిజైన్ చేసిన గొప్ప కట్టడం, చట్టం రక్షణలో ఉంది. ఫియోరెంతీనా ఓనర్ సొంత డబ్బుతో కడతానన్నా, పడగొట్టడానికి వీల్లేదన్నారు. సరే నగరమే బాగుచేయిస్తానంది. యూరప్ నిధుల్లోంచి లెక్కేసుకున్న 5.5 కోట్ల యూరోలు 2023లో కుదరదన్నారు. జట్టు క్రేన్ల మధ్య ఆడుకుంటోంది. మిలాన్‌లోనూ ఇదే కావాలా మీకు?

గడ్డి_మనిషి

ఓనర్ ఎవరైనా నాకొకటే. 1990 ప్రపంచ కప్ కోసం శాన్ సిరోకి మూడో అంతస్తు, దాని మీద కప్పు వేసినప్పటి నుంచి ఆ గడ్డికి ఎండ తగలదు, గాలి ఆడదు. ఏళ్ళ తరబడి పదే పదే గడ్డి మార్చారు. చివరికి 2012లో సహజ గడ్డిలో ప్లాస్టిక్ పోగులు కుట్టిన హైబ్రిడ్ వేశాకే కాస్త కుదుటపడింది. ఆ పదకొండు కాంక్రీటు స్తంభాలు ఫొటోల్లో అందంగా ఉంటాయి, కింద మొక్కకి తెలుస్తుంది బాధ.

నెరజ్జూరి_నాని

@గడ్డి_మనిషి అన్నా, నీకు మాత్రమే వచ్చే ఆలోచన అది. దండం.

రెండో_అంతస్తు

లెక్కల_పిచ్చి గారూ, ఫ్లోరెన్స్ ఇబ్బంది నిజం. ఒప్పుకుంటా. రక్షిత కట్టడం అంటే ఓనర్ చేతులు కూడా కట్టేసినట్టే.

కానీ మిలాన్‌లో ఆ తొందర చూడండి. ఇటలీలో ప్రభుత్వ ఆస్తి అయిన కట్టడానికి 70 ఏళ్ళు దాటితే వారసత్వ రక్షణ దానంతట అదే వర్తిస్తుంది. శాన్ సిరో రెండో అంతస్తు 1955 నాటిది, నేను పైన రాసిన ర్యాంపులు అవే. దానికి 70 ఏళ్ళు నిండే తేదీ 2025 నవంబర్ 10 అని అందరూ లెక్కలో పెట్టుకున్నారు. సంతకాలు నవంబర్ 5న. ఐదు రోజులు! ముహూర్తం దాటిపోతుందని పెళ్ళి కానిచ్చినట్టు కానిచ్చారు. ధరలోంచి కూల్చివేత, శుభ్రత లాంటి పనుల కింద 2.2 కోట్ల యూరోల దాకా నగరమే తగ్గించుకుంటోంది. బేరం ఆడటానికి సమయం ఉన్నవాడు ఇలా ఆడతాడా?

లండన్ గురించి మీరన్నదీ నిజమే. కానీ అది చెడ్డ అగ్రిమెంట్. ప్రభుత్వం దగ్గర ఉండటం వల్ల వచ్చిన కష్టం అంటే నేను ఒప్పుకోను. మాంచెస్టర్ చూడండి. 2002 కామన్‌వెల్త్ క్రీడలకి కట్టింది, నగరపాలక సంస్థ సొత్తు, ఇప్పటికీ. మాంచెస్టర్ సిటీ 2003లో దీర్ఘకాలిక లీజు మీద వచ్చింది, తన పాత మైదానం మెయిన్ రోడ్‌ని నగరానికి ఇచ్చేసింది. తర్వాత గ్యాలరీలు పెంచుకున్నది క్లబ్ డబ్బుతో. క్లబ్ ఓనర్ 2008లో మారాడు, ఏమైంది? ఇంటి కాగితాలు మాత్రం నగరం బీరువాలోనే ఉన్నాయి.

లెక్కల_పిచ్చి

250 ఏళ్ళ లీజు అండీ అది. 250 ఏళ్ళు అద్దెకిచ్చిన ఇంటిని మీరు మీదే అంటారా? బీరువాలో కాగితం ఉంటుంది, తాళం చెవి ఉండదు.

రెండో_అంతస్తు

కాగితం ఉంటే కనీసం అడగడానికి పోవచ్చు. రేపు దాన్ని కొట్టేసి షాపింగ్ మాల్ కడతానంటే కుదరదని చెప్పడానికి.

రొస్సొనేరి_రమ

మీరిద్దరూ కాగితం దగ్గరే తిరుగుతున్నారు. నాకు భయం టికెట్ల దగ్గర. రెండో_అంతస్తు గారు స్టూడెంట్ డబ్బులతో మూడో అంతస్తులో కూర్చున్నానన్నారు కదా. కొత్తదాంట్లో ఆ సీటు ఉంటుందా? ఓనర్ ఫండ్ అయితే పెట్టుబడి వెనక్కి రావాలి, అది బాక్సుల (ఖరీదైన ప్రైవేట్ గదుల) నుంచి, భోజనంతో కలిపి అమ్మే సీట్ల నుంచి వస్తుంది. నగరం ఓనర్‌గా ఉన్నప్పుడు టికెట్లు చవగ్గా ఉన్నాయని అనను, ధర పెట్టింది అప్పుడూ క్లబ్బులే. కానీ అన్నేసి సీట్లు ఉండటమే చవకదనం. 1955లో రెండో అంతస్తు కట్టింది ఎక్కువమంది పట్టాలనే. ఇప్పుడు సీట్లు తగ్గించి కడుతున్నారు, అదీ లెక్కలో వేసుకోండి.

ఇంకో మాట. అది ఫుట్‌బాల్‌కే కాదు. 1980 జూన్‌లో బాబ్ మార్లీ పాడింది అక్కడే. 2026 ఫిబ్రవరి 6న శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవమూ అక్కడే. 2019–20లో బెర్గమోలో పనులు నడుస్తుంటే అతలాంతా ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు శాన్ సిరోలో ఆడింది, వలెన్సియాని 4–1తో కొట్టింది. నగరం సొత్తు కాబట్టి పక్క ఊరి జట్టుకి కూడా చోటు దొరికింది. ప్రైవేట్ అయ్యాక అలా రానిస్తారా?

లెక్కల_పిచ్చి

రానిస్తారు, అద్దె ఎక్కువ తీసుకుని రానిస్తారు. ఖాళీగా ఉంచి ఏ ఫండ్ ఊరుకుంటుంది? ఇదొక్కటి మాత్రం ప్రైవేట్‌ని నమ్మొచ్చు.

సీట్ల మాట మాత్రం రమ గారు గట్టిగా పట్టుకున్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా లెక్కంతా నగరం ఖాతా పుస్తకం గురించే, ప్రేక్షకుడి జేబు గురించి నేను వేయలేదు. అయినా నా ఓటు 24 వైపే.

మ్యూనిక్_మూర్తి

నాది 20 వైపు. కానీ ఒక చిన్న సవరణతో: నగరం రెండో అంతస్తు ఉంచుకుని, మూడోది ఊడదీసి, చిన్నదిగా వాడుకోవాల్సింది. మూడోది పోతే గడ్డి_మనిషి గారికి ఎండ కూడా వచ్చేది.

గడ్డి_మనిషి

ఇప్పటిదాకా ఈ థ్రెడ్‌లో వచ్చిన మంచి మాట అదొక్కటే.

నిర్వాహకుడు

ఇంటర్, మిలాన్ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, గత రాత్రి వచ్చిన తొమ్మిది కామెంట్లు అక్కడికి మార్చాను. నాని గారూ, అందులో ఎనిమిది మీవే.

నెరజ్జూరి_నాని

సారీ సర్. పని మీద ఒక ప్రశ్న. ఆఫీస్ వాళ్ళు వచ్చే నెల మిలాన్ పంపిస్తున్నారు, ఒక మ్యాచ్ చూసే వీలుంది. కూల్చేలోపు ఒక్కసారి చూడాలి. ఎక్కడ కూర్చోమంటారు?

రెండో_అంతస్తు

నాని గారూ, స్టేడియంలో ఒక్కో వైపుకి ఒక్కో రంగు పేరు. రెండో అంతస్తులో పచ్చ రంగు వైపు మీ వాళ్ళ అల్లరి ఉంటుంది, ఆట కనపడదు. ఆట కావాలంటే మూడో అంతస్తు ఎర్ర వైపు తీసుకోండి. నారింజ వైపు మూడో అంతస్తే లేదు, వెతకొద్దు. పైన గాలి కోస్తుంది, జాకెట్ మర్చిపోకండి. మెట్రోలో ఐదో లైన్ స్టేడియం గుమ్మం దాకా వస్తుంది గానీ మ్యాచ్ అయ్యాక ఆ స్టేషన్ గేట్ల దగ్గర అరగంట నిలబెడతారు. 16 నంబర్ ట్రామ్ నయం. ఎక్కే ముందు ఒక పది నిమిషాలు బయట ఆగి ఆ ర్యాంపులు చూడండి.

లెక్కల_పిచ్చి

ఆ 16 నంబర్ ట్రామ్ నడిపే సంస్థ కూడా నగరానిదే. దాన్ని అమ్మమని నేనేం అనను లెండి.